రెండో సీసా

ఆసుపత్రిలో తల దెబ్బల వార్డు, కిటికీ పక్క మంచం, మిట్టమధ్యాహ్నం. మంచం మీద తలకు కట్టుతో ఒళ్ళు తెలియని మనిషి. పక్కన స్టూలు మీద అతని అన్న. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇనుప పనుల షెడ్డు. నర్సు వేడినీళ్ళ గిన్నెలో ఒక సీసాను తిప్పుతోంది. అన్నగారు వచ్చినప్పటి నుంచి సీసాని చూస్తున్నాడు, గిన్నెని చూస్తున్నాడు, కిటికీని చూస్తున్నాడు. తమ్ముడి మొహం ఒక్కటే ఆయనకి కనబడటం లేదు.

"పాడైపోలేదు బాబాయ్. ఈ మందు చల్లబడితే ఇలాగే పలుకులు కడుతుంది. వేడి తగిలితే కరిగిపోతుంది."

"పలుకులంటే, ఉప్పా?"

"ఉప్పు కాదు. చక్కెర జాతి. మానిటాల్ అంటారు. ఇందాక ఒక సీసా ఎక్కించాం కదా, అదే. ఇది రెండోది."

"తల పగిలినవాడికి చక్కెర నీళ్ళెందుకమ్మా?"

"మీ తమ్ముడి మెదడు ఉబ్బింది. పుర్రె ఎముక కదా, సాగదు. లోపల చోటు చాలక మెదడు నలిగిపోతోంది. ఆ నీరు లాగెయ్యాలి. కీరా ముక్కల మీద ఉప్పు చల్లితే ఏమవుతుంది?"

"నీళ్ళొదుల్తాయి."

"ఇదీ అంతే. ఈ మందు రక్తంలోనే తిరుగుతుంది, మెదడులోకి పోదు. రక్తంలో ఉండి మెదడులో నీళ్ళని తన వైపు లాక్కుంటుంది. అక్కణ్ణుంచి కిడ్నీలకి. కిడ్నీల్లో కూడా ఆ నీళ్ళని వెనక్కి పోనివ్వదు, వెంటబెట్టుకుని కిందికి దిగిపోతుంది. అదిగో, ఆ సంచిలోకి."

"తలలో నీళ్ళు ఒంటేలు సంచిలోకి."

"అంతే. అది నిండుతుంటే మనిషి తేరుకుంటున్నట్టు. అందుకే చెప్తున్నా, దాన్ని పారబోయకండి. ఎంత వచ్చిందో నేను కొలవాలి. కొలవకుండా రెండో సీసా పెట్టను."

"పెడితే ఏం?"

"కిడ్నీలు మూసుకుపోయి ఉన్నాయనుకోండి. లాగిన నీళ్ళు ఎటు పోతాయి? రక్తంలోనే ఉండిపోతాయి. గుండె మొయ్యలేదు. ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. మంచం మీదే మునిగిపోతాడు మనిషి. ఇంతకీ దెబ్బ ఎలా తగిలిందన్నారు?"

"చెప్పాగా."

"కింద రాసుకునేవాళ్ళకి మెట్ల మీంచి జారాడని చెప్పారంట. డాక్టరుగారికి బరువులెత్తే కప్పీ తెగి పడిందని చెప్పారు."

"కప్పీ మెట్ల దగ్గరే ఉంటుంది."

"పైనుంచి పడింది నడినెత్తిన తగులుతుంది బాబాయ్. ఇది పక్కనుంచి తగిలింది. చెవి మీద. ఇనుముతో."

"నువ్వు నర్సువా, పోలీసువా?"

"నర్సునే. ఇలాంటి దెబ్బలొస్తే పోలీసులకి కబురెళ్తుంది, అది ఇక్కడి పద్ధతి. వాళ్ళు అడుగుతారు. నేను ఊరికే అడిగాను."

"ఊరికే అడక్కు. నేను చూళ్ళేదు. అక్కడే ఉన్నా, కానీ అటు తిరిగి ఉన్నా."

"సరే. మీ ఫోను మోగుతోంది. వరండాలోకెళ్ళి మాట్లాడండి, ఇక్కడొద్దు."

వరండాలో, గోడ వైపు తిరిగి. అవతల తమ్ముడి బావమరిది.

"పెద్దబావా, దొరికాడు."

"ఎవడు?"

"ఎవడేంటి బావా, మీ షెడ్డులో లేతు నడిపే టర్నరు. బస్టాపులో పట్టుకున్నాం. ఆసుపత్రికే వస్తున్నానన్నాడు. నమ్మమంటావా?"

"ఇప్పుడెక్కడున్నారు?"

"మన షెడ్డులో. షట్టరు దించేశాం. వాడి లేతుకే వాణ్ణి కట్టేశాం."

"కట్టెయ్యడమెందుకురా?"

"మరి కొడుతుంటే పడిపోతున్నాడు. పడిపోయినవాణ్ణి ఎలా కొట్టేది?"

"దేంతో కొడుతున్నావ్?"

"మోటారు బెల్టు. పాతది, మందంగా ఉంది చూడు, అది తడిపి. తొడల మీద, పిర్రల మీద, వీపు మీద. ఎముక విరగదు. పొద్దుట్నుంచీ తెలివిగానే చేస్తున్నాం."

"పొద్దుట్నుంచా?"

"మధ్యలో టీ తాగాం. మళ్ళీ మొదలెట్టాం."

"ఏమన్నా చెప్పాడా?"

"ఒకటే మాట. 'పెద్దాయన్ని అడగండి.' ఎన్నిసార్లు కొట్టినా అదే. ఏం అడగాలి బావా నిన్ను?"

"దెబ్బలకి మతి పోయుంటుంది."

"నేనూ అదే అన్నాను. నువ్వే కదా చెప్పావు వాడే కొట్టాడని."

"వాడు కొట్టాడని నేననలేదు. వాడక్కడ ఉన్నాడన్నాను."

"రెండూ ఒకటేగా. షెడ్డులో ఉన్నది ముగ్గురు. ఒకడు మంచాన పడ్డాడు. నువ్వు తోడబుట్టినవాడివి. ఇంకెవడు కొడతాడు?"

"ఎక్కువ కొట్టకు."

"ఎక్కువంటే ఎంత? మా బావ తల పగిలినంత కొట్టొద్దా?"

"తల మీద కొట్టకు అంటున్నా."

"తల జోలికి పోవట్లేదు. నాకు తెలీదా. ఉంటా."

మళ్ళీ వార్డులో. తమ్ముడి భార్య వచ్చి మంచం కాళ్ళ వైపు నిలబడింది. నర్సు అవతలి మంచం దగ్గరుంది.

"మా తమ్ముడేనా బావగారూ ఫోన్లో?"

"ఆ."

"నాకూ చేశాడు. చేతులు విరగ్గొట్టమన్నాను."

"అమ్మా, ఇక్కడ ఆ మాటలొద్దు."

"ఎక్కడ అనమంటారు? రెండు చేతులూ. జన్మలో మళ్ళీ ఇనుము పట్టుకోకూడదు వాడు. మా ఇంట్లో తిన్నాడు, మా పాపని ఎత్తుకు తిప్పాడు. నా చేతికి కర్రో కమ్మీయో దొరికితే నేనే పోయుండేదాన్ని షెడ్డుకి. మీకేమీ అనిపించట్లేదా?"

"ఎందుకు అనిపించదు."

"ఏమో. మీరు వాడి మీద ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అదే చూస్తున్నా పొద్దుట్నుంచీ."

"తిడితే తమ్ముడు లేస్తాడా?"

"నాకు ఒకటి మటుకు అర్థం కావట్లేదు. షెడ్డులో ప్రెస్సు మిషను కింద ఆ పనివాడి వేళ్ళు పోయిన దగ్గర్నుంచీ మీ ఇద్దరికీ మాటల్లేవు. చేతులు లోపలికి పోకుండా ఉండే గార్డు తీయించింది మీరేనని తనిఖీకి వచ్చే ఆఫీసరుకి చెప్పేస్తానన్నాడు ఈయన. టర్నరు కూడా చెప్తానన్నాడు. ఇద్దరూ ఒక మాట మీదున్నారు. మరి వాడు ఈయన్ని ఎందుకు కొడతాడు?"

"తాగుంటాడు."

"వాడు తాగడు."

"ఎవరి కడుపులో ఏముందో మనకేం తెలుసమ్మా."

"పోన్లెండి. ఈయన లేస్తే ఈయనే చెప్తాడు."

"ఊఁ."

"పెదాలు చూడండి, పగిలిపోయి రక్తం వస్తోంది. ఒక్క చెంచా నీళ్ళు పోస్తాను. ఆ గ్లాసు ఇటివ్వండి."

"అక్కా, పొయ్యకండి. ఆ గ్లాసు అక్కడ పెట్టండి."

"సిస్టర్, దాహంతో చచ్చిపోతున్నాడమ్మా. ఒళ్ళంతా పిండేసినట్టయిపోయాడు."

"మందే పిండుతోంది అక్కా. ఈ మందుతో ఒంట్లో ఉప్పు కన్నా నీళ్ళు ఎక్కువ పోతాయి, అందుకే నోరు ఎండుతుంది. అసలు స్పృహ లేనివాళ్ళకి నోట్లో పోస్తే ఊపిరి గొట్టంలోకి పోతాయి. లోపలికి దిగినా మంచిది కాదు, ఉత్త నీళ్ళు మళ్ళీ మెదడుకే చేరతాయి, ఇంత కష్టపడి లాగింది వృథా. పోయిందాన్ని మేము సెలైన్లో లెక్క చూసి ఇస్తాం. తడిగుడ్డతో పెదాలు అద్దండి, చాలు."

"దాహమైనవాడికి నీళ్ళివ్వకూడదా. ఇదెక్కడి వైద్యం."

"ఒక్క సాయం చెయ్యండి. కింద మందుల షాపులో జల్లెడ ఉన్న సెలైన్ సెట్టు అడిగి తీసుకురండి. ఈ మందులో కంటికి కనబడని పలుకులు మిగుల్తాయి, అవి నరంలోకి పోకూడదు. బాబాయ్, పక్క వార్డులో పేషెంటుని చూసొస్తా. ఇక్కడే ఉండండి."

"ఎక్కడికి పోతాను."

అన్న, తమ్ముడు. మాట్లాడేది ఒక్కరే.

"ఒరేయ్."

"వినబడుతోందా? వినబడకపోతేనే మంచిది."

"ఒక్క దెబ్బేరా. ఒక్కటే కొట్టాను. నువ్వు ఆ మాట అనకుండా ఉంటే అదీ కొట్టేవాణ్ణి కాదు. 'నేను జైలుకి పోయినా సరే చెప్తా' అంటావా? నువ్వు పోతే నేను పోనా? ఆ షెడ్డుకి ఒక్కో ఇటుక నేను మోశాను. వాడి వేళ్ళు పోతే నేనేం చెయ్యను, గార్డు పెడితే పని సాగదు, నీకు తెలీదా? చేతిలో స్పానరుంది. చెయ్యి లేచింది. అంతే. కొట్టిన వెంటనే చెయ్యి ఆగిపోయింది నాకు. నా అంతట నేనే ఆపుకున్నాను. కావాలంటే ఇంకోటి కొట్టలేనా? కొట్టలేదు. తమ్ముడివని ఆగాను."

"ఆ సంచి చూడు. నిండిపోతోంది. పై గీత దాకా వచ్చింది. అంటే తలలో వాపు దిగుతోందన్నమాట. లేస్తావన్నమాట."

"లేచి ఏం చెప్తావురా? ముందెవరితో చెప్తావు? మీ ఆవిడతోనా, పోలీసులతోనా?"

"పలకవేం?"

"ఈ సంచికి మూత ఎక్కడ... కింద ఉందా. ఇటు తిప్పితే బిగుస్తోంది. అటు. ఆఁ. బకెట్లోకి కాదు, తెలిసిపోతుంది. మరుగుదొడ్లో పోసి వస్తా. నువ్వు పడుకో. కాసేపు పడుకో అంతే. నిన్ను చంపట్లేదు నేను. కాసేపు ఆలస్యంగా లే అంటున్నా, అంతే."

నర్సు తిరిగొచ్చింది. సంచి ముడతలు పడి వేలాడుతోంది.

"బాబాయ్, సంచి ఖాళీగా ఉందేంటి?"

"ఏమో మరి."

"ఎవరన్నా పారబోశారా? ఆయా వచ్చిందా?"

"ఎవరూ రాలేదు."

"మీరు?"

"నేనిక్కడే కూర్చున్నా. అందులోకి ఏం రాలేదమ్మా. చుక్క రాలేదు."

"మొదటి సీసాకి ముందున్నది నేనే కొలిచి తీసేశాను, ఆ తరవాతది రావాలి కదా. పైపు మడతపడిందా, లేదే. పొత్తికడుపు ఉబ్బుందేమో చూడనివ్వండి. మెత్తగానే ఉంది. లోపలా లేదు, సంచిలోనూ లేదు. అయ్యయ్యో."

"ఏమైంది?"

"కిడ్నీలు మొరాయించినట్టున్నాయి. రెండో సీసా పెట్టకూడదు. డాక్టరుగారు ఆపరేషన్లో ఉన్నారు, కబురు పెడతాను. రక్తం తియ్యాలి."

"సీసా పెట్టకపోతే?"

"మెదడు మళ్ళీ ఉబ్బుతుంది. కంటిపాప చూడండి, ఇటుది అప్పుడే పెద్దదవుతోంది. పెడితే ఊపిరితిత్తులు మునుగుతాయి, పెట్టకపోతే తల నలుగుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది నా పని. నిజంగా రాలేదా బాబాయ్?"

"రాలేదంటున్నాగా."

"సిస్టర్, సెట్టు తెచ్చాను. ఏంటి అందరూ అలా ఉన్నారు? బావగారూ, మీ ఫోను. మోగుతుంటే ఎత్తరేం? ఇటివ్వండి. మా తమ్ముడే. స్పీకర్లో పెడుతున్నా."

"పెద్దబావా."

"నేనురా, అక్కని. చెప్పు. ఒప్పుకున్నాడా?"

"అక్కా, అక్కడ డాక్టరుగానీ నర్సుగానీ ఉన్నారా? ఒకటి అడగాలి. వీడు ప్యాంటులోనే పోసేసుకున్నాడు. నల్లగా వచ్చింది. పాలు పొయ్యని టీలాగా. భయమేసింది."

"అక్కా, ఆ ఫోను ఇటు పెట్టండి. హలో, నేను నర్సుని. ఎవరికి నల్లగా వచ్చింది? దెబ్బలు తిన్నాడా?"

"ఆఁ... కొంచెం."

"ఎక్కడ?"

"తొడల మీద. వీపు మీద. తలకి ఏం తగల్లేదండీ, మేము జాగ్రత్తగానే..."

"బాబూ, అది ఒంటేలు కాదు, వాడి కండ. మీరు చితక్కొట్టిన కండ కరిగి రక్తంలో కలిసి కిడ్నీలకి అడ్డం పడుతోంది. ఆ తరవాత మళ్ళీ వచ్చిందా?"

"లేదండీ. నీళ్ళు నీళ్ళు అంటున్నాడు. ఇస్తే తేరుకుంటాడని ఇవ్వట్లేదు."

"ఇవ్వండి. వెంటనే ఇవ్వండి, తాగినన్ని తాగనివ్వండి. వాడికి నీళ్ళే మందు. బండిలో ఎక్కించి ఇక్కడికి తీసుకురండి. ఆలస్యం చేస్తే కిడ్నీలు పూర్తిగా ఆగిపోతాయి, ఉప్పు లెక్క తప్పి గుండె ఆగుతుంది. వింటున్నారా?"

"అక్కా, తీసుకురమ్మంటావా? ఆసుపత్రిలో ఏం చెప్పాలి?"

"తీసుకురావడమెందుకు? చావనీ. నా మొగుడికీ ఆగిపోయినట్టుంది ఇక్కడ, ఖాళీ సంచి చూస్తున్నా నేను. ఈయన చస్తుంటే వాడికెందుకు నీళ్ళు? ఇవ్వొద్దు. ఒక్క చుక్క కూడా..."

"ఇవ్వు."

"బావగారూ?"

"నీళ్ళివ్వరా. కట్లు విప్పు. తీసుకురా."

"పెద్దబావా, నువ్వేనా? మరి వాడు..."

"వాడు కాదు."

"ఏంటి?"

"వాడు కొట్టలేదు. విప్పు ముందు."

"మరెవరు కొట్టారు?"

"తీసుకురా అంటే తీసుకురా. వచ్చాక చెప్తా. పెట్టెయ్."

"బావగారూ, వాడు కాకపోతే ఎవరు? నా వైపు చూసి చెప్పండి."

"సిస్టర్. ఆ సీసా పెట్టు."

"పెట్టకూడదని చెప్పాను కదా బాబాయ్."

"వచ్చింది."

"ఏం వచ్చింది?"

"సంచిలోకి వచ్చింది. పై గీత దాకా వచ్చింది. నేనే పారబోశాను."

"ఏమన్నారు?"

"మరుగుదొడ్లో పోశాను. తమ్ముడి కిడ్నీలు బాగానే ఉన్నాయి. పెట్టమ్మా, కాళ్ళు పట్టుకుంటాను. పెట్టు."

"ఉండండి, పైపు చూడనివ్వండి. నొక్కితే... అవును, దిగుతోంది. చుక్కలు పడుతున్నాయి. ఇందాక కంగారులో నేనీ పని చెయ్యలేదు. ఏం మనిషండీ మీరు? ఇంకాసేపు నేను మీ మాట నమ్మి ఉంటే ఏమయ్యేదో తెలుసా?"

"తెలుసు."

"తెలిసే చేశారా?"

"కంపు కొడుతోందని పారబోశాను."

"ఒక్క మాట కూడా తిన్నగా రాదా మీ నోట్లోంచి? అక్కా, ఏడుపు తరవాత. ఇటు రండి, ఈ చెయ్యి గట్టిగా పట్టుకోండి, కదలనివ్వకండి. సీసా ఎక్కిస్తున్నా."

"పట్టుకున్నా. బావగారూ, మీరు అవతలికి జరగండి. ఆయన్ని ముట్టుకోకండి."

రెండో సీసా అడుగంటింది. సంచి బరువెక్కి మళ్ళీ కిందికి వేలాడుతోంది. అన్నగారు అవతలికి జరిగి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఫోను మళ్ళీ ఆయన చేతికి వచ్చింది.

"పెద్దబావా, దార్లో ఉన్నాం."

"ఎలా ఉన్నాడు?"

"ఏమో బావా. ఇందాకటిదాకా నీళ్ళు నీళ్ళని ఒకటే గోల. ఇచ్చేసరికి తాగలేదు. ఇప్పుడు అడగడమే మానేశాడు."

"నిద్రపోయాడేమోరా."

"కళ్ళు తెరిచే ఉన్నాయి బావా."

"పిలువు. గట్టిగా పిలువు."

"పిలిచాను."

"అక్కా, ఆ ఫోను గొడవ వినకండి, ఇటు చూడండి. కాలి వేళ్ళు కదిలాయి. కంటిపాప కూడా సర్దుకుంది. పేషెంటు బాబూ, వినబడుతోందా? కళ్ళు తెరవండి. నా వేలు పట్టుకోండి. గట్టిగా. అదీ."

"ఏమండీ. ఏమండీ, నేను."

"తొందరపెట్టకండి అక్కా. బాబూ, ఈవిడెవరు?"

"మా... మా ఆవిడ."

"ఆ గోడ దగ్గర ఉన్నదెవరు?"

"అన్న."

"మాట తేడా రాలేదు, మనుషుల్ని గుర్తుపడుతున్నాడు. బతికాడక్కా మీ ఆయన. ఏం కావాలి బాబూ? నీళ్ళా? కొంచెం ఆగాలి."

"నీళ్ళు కాదు... అన్నా."

"చెప్పరా."

"రెండో దెబ్బ వెయ్యబోతుంటే... నీ చెయ్యి పట్టుకుని వేలాడాడే... వదల్లేదు... మన టర్నరు. వాడేడీ అన్నా?"